వాన్‌హు తూము పలకలు

చైనాలో పోయాంగ్ సరస్సు ఒడ్డున, లియావ్ ఇంటిపేరువాళ్ళ ఊళ్ళో ఏ విందు జరిగినా, చేప పళ్ళెం బల్ల మీద పెట్టేటప్పుడు దాని తల ఎవరివైపు తిప్పుతారో వారే ఆ పూటకు పెద్ద. ఆయన తినే పుల్లలు పెట్టి ఒక ముక్క తీసుకునేదాకా మిగతావాళ్ళు నోరూరినా గుటకలు మింగుతూ కూర్చోవాల్సిందే. ఇరవై ఏళ్ళకు పైగా ఆ తల షుయిగెన్ వైపే తిరుగుతోంది. వాన్‌హు తూము ఆయన చేతిలో ఉండేది మరి.

ఆ పెద్దరికం ఊరికే రాలేదు. వేసవి వరదలో పోయాంగ్ పొంగి పక్కనున్న వాన్‌హు అనే చిన్న సరస్సుని తనలో కలిపేసుకుంటుంది, ఎక్కడ ఏది మొదలో తెలియదు. శరత్కాలంలో నీరు తీశాక, కంచంలో మిగిలిన గంజిలాగా వాన్‌హు విడిగా నిలుస్తుంది. చుట్టూ మట్టికట్ట, కట్టకు నదివైపు ఒకటే తూము. తూములో దేవదారు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పై పలకను కొక్కెంతో లాగేస్తే దాని వెడల్పు మేరకు నీరు నదిలోకి దూకుతుంది. వేట సాగిన రోజుల్లో, ఉత్తరపు గాలి తిరిగిన పూట పలకలు చకచకా లాగాలి. ప్రవాహం తగలగానే చేపలు తూము వైపు ఉరికి వలలో పడతాయి. ఏ గాలికి ఎంత లాగాలో షుయిగెన్ చేతికే తెలుసు. "మా ఆయన నా మీద కన్నా ఆ పలకల మీదే ఎక్కువ చెయ్యేశాడు" అని ఆయన భార్య లామెయ్ పదిమందిలో అనేది. ఆయన సిగ్గుపడేవాడు కాదు సరికదా, ఇంకాస్త రొమ్ము విరుచుకునేవాడు.

తర్వాత వేట నిషేధం వచ్చింది. వలలు అటకెక్కాయి. పోయాంగ్ ఒడ్డున కూర్చుని చెరువులో పెంచిన చేప కొనుక్కు తినే రోజులొచ్చాయి, ఏం చేస్తాం. తూముకి మాత్రం పని పోలేదు. ఇప్పుడు దాని మీద ఆశ పెట్టుకున్నవి పక్షులు. చలికాలం సైబీరియా నుంచి వచ్చే తెల్ల సారసాలకి వాన్‌హు అడుగున పెరిగే చేదుగడ్డి దుంపలే ప్రాణం. నీరు లోతుగా ఉంటే వాటి ముక్కు దుంపదాకా అందదు. నీరు పూర్తిగా పోతే బురద గట్టిపడి ముక్కు దిగదు. నీరు మోకాలి కిందకుండి, అడుగు మెత్తగా ఉన్నంత మేరే వాటి కంచం. ఆ సారసాలు దిగే సరస్సంటే చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆ ఊరికొక పేరు. వాన్‌హుకి ఆ పేరు ఉంది, లియావ్‌లకి ఆ పొగరూ ఉంది.

షుయిగెన్‌కి మోకాళ్ళు పట్టేసి తూము మెట్లు దిగలేని పరిస్థితి వచ్చినప్పుడు, పోయిన ఏడాది పూర్వీకుల మందిరంలో ఊరంతా కూర్చుంది. ఆయనకు కొడుకులు లేరు. ఉన్నది ఒక్క కూతురు, చ్యూలియన్. అల్లుడు ఇల్లరికం వచ్చాడు, మంచివాడే, నీళ్ళంటే భయం. కనుక తూము తనకే రావాలని షుయిగెన్ తమ్ముడి కొడుకు బావోషెంగ్ పట్టుబట్టాడు. వాన్‌హుని చలికాలమంతా అంచులదాకా నింపి ఉంచి, రంగు పడవలు తిప్పి, చూడవచ్చేవాళ్ళని ఎక్కించాలని వాడి ఆలోచన. షుయిగెన్ లేచి తన కూతురి పేరు చెప్పాడు. మందిరంలో గుసగుసలు పుట్టాయి. ఆడది తూమెక్కితే చేప వెనక్కి తిరుగుతుందని పాతమాట ఒకటుంది.

"వేటే లేదు. ఇంక తిరగడానికి చేపెక్కడిది?" అన్నాడు షుయిగెన్. "దాని చెయ్యి నా చెయ్యే. వచ్చే దోంగ్‌జీ పండుగనాటికి వాన్‌హులో సారసాలు మేస్తుంటే తూము దానిది. మేయకపోతే బావోషెంగ్ పడవలు తిప్పుకోనీండి, నేనే తెడ్డు వేస్తాను."

ఊరి పెద్దాయన సరేనన్నాడు. ఏడాదిలో అన్నిటికన్నా పొట్టి పగలు దోంగ్‌జీ. ఆ రోజు మందిరంలో పంక్తి భోజనం. తూము ఎవరిదో తేలేదీ అక్కడే.

ఆ శరత్కాలంలో నీరు తీయగానే చ్యూలియన్ చేసిన మొదటి పని చూసి షుయిగెన్‌కి గుండె ఆగినంత పనైంది. తాత కాలం నాటి దేవదారు పలకల్ని పైవరసల్లోవి తీయించి, వడ్రంగి చేత నిలువునా సన్నగా కోయించింది. జానెడు పలక కాస్తా మూడు బద్దలైంది. ఊరు ఊరంతా నవ్వింది. లియావ్‌ల అమ్మాయి తూముని పళ్ళు తోముకునే పుల్లలు చేసిందని టోఫూ అంగడి దగ్గర బావోషెంగ్ ఆడిపోసుకున్నాడు. షుయిగెన్ బయట ఒక్క మాట పడనివ్వలేదు కానీ, ఇంట్లో మాత్రం కూతురిని అడిగేశాడు, ఆ పలకలేం పాపం చేశాయని.

"జానెడు పలక చేపలకి నాన్నా" అంది చ్యూలియన్, అన్నం వడ్డిస్తూ. "ఒక్కసారి లాగితే నీటి అంచు ఎంత దూరం పోతుందో నీకు తెలీదా? మన సరస్సు కంచం లాంటిది. జానెడు దిగితే సగం నేల బయటపడుద్ది. ఆ ఒక్కరోజు వాటికి పెళ్ళిభోజనం, ఆ తర్వాత పస్తు. నేను రోజుకింత చొప్పున దించుతా. రోజూ కొత్త అంచు, రోజూ కొత్త విస్తరి."

షుయిగెన్‌కి ఆ మాట నచ్చింది, నచ్చినట్టు చెప్పలేదు. మర్నాడు టోఫూ అంగడికెళ్ళి అదే మాట తన మాటగా నలుగురికీ చెప్పి వచ్చాడు.

కానీ సారసాలు రావాలి కదా. వచ్చాయి. ఆకాశంలో గుంపులు గుంపులుగా గుండ్రాలు తిరిగి, కిందికి చూసి, నీరింకా లోతుగా ఉందని వెళ్ళిపోయాయి. చ్యూలియన్ పొద్దున్నే నీళ్ళలో దిగి, కాలి బొటనవేలితో దుంపలు తడిమి, ఒక సన్న బద్ద తీసి, ఇంటికొచ్చి వంట చేసుకునేది. ఆత్రం లేదు. ఆ నిదానం చూస్తుంటే షుయిగెన్ ఒంట్లో తేళ్ళు పాకేవి. ఎదురుపడ్డప్పుడల్లా బావోషెంగ్ తెడ్డు వేసినట్టు చేతులాడించి పెదనాన్నకి దండం పెట్టేవాడు.

దోంగ్‌జీకి ఇంకా ఇరవై రోజులుందనగా చ్యూలియన్ భర్త తరపు పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చింది. వెళుతూ తండ్రిని తూము చూస్తుండమంది, పలక ముట్టొద్దంది. ముట్టనన్నాడు. అబద్ధం కాదు, ఆ క్షణాన నిజంగా ముట్టకూడదనే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున ఉత్తరపు గాలి తిరిగింది.

ఏం చెప్పమంటారు. వేట రోజుల్లో ఏళ్ళ తరబడి ఆ గాలి వీచిన ప్రతిసారీ ఆ చేతులు పలక లాగాయి. గాలి చెవిలో ఈల వేస్తుంటే షుయిగెన్ మోకాళ్ళ నొప్పి మరిచి, గోడకున్న కొక్కెం తీసుకుని, తూము మెట్లు దిగాడు. ఒక్క బద్దే అనుకున్నాడు. అది తేలిగ్గా వచ్చేసింది. రెండోది లాగాడు. నీళ్ళు చప్పుడు చేశాయి. వేట నిషేధం తర్వాత ఆ చప్పుడు ఆయన వినలేదు. సన్న బద్దలు అయిపోయి, కింది జానెడు పలక కూడా పైకొచ్చేదాకా ఆయన చెయ్యి ఆగలేదు. కట్ట మీద నిలబడి, వయసులో ఉన్నవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు.

ఇంతకన్నా విడ్డూరం, ఆ సాయంత్రమే సారసాలు దిగాయి. ఒకటా రెండా, కొత్తగా తేలిన మెత్తటి బురద అంతా తెల్లగా నిండిపోయింది. మెడలు నీళ్ళలో ముంచి, దుంపలు పెకలించి, తలలెత్తి మింగుతుంటే ఊరంతా కట్టెక్కి చూసింది. ఇది తన చేతి చలవని చెప్పుకోవడానికి షుయిగెన్ నాలుక దురద పెట్టింది. చెప్పలేదు. "మా అమ్మాయి లెక్క. ఎప్పుడెంత లాగాలో చెప్పి వెళ్ళింది, అంతే లాగాను" అన్నాడు. తన గొప్ప తీసి కూతురి ఒళ్ళో పోశానని లోలోపల మురిసిపోయాడు కూడా. ఆ పూట టోఫూ అంగడిలో బావోషెంగ్ నోరు లేవలేదు.

పెళ్ళి నుంచి చ్యూలియన్ తిరిగొచ్చేసరికి నీటి అంచు ఎక్కడో సరస్సు నడిబొడ్డుకి పోయింది. ఆమె తూము దగ్గరికెళ్ళి పలకలు చూసింది, ఒక్కొక్కటీ తిరిగి గాడిలో దించింది, ఇంటికొచ్చింది.   ఆ తర్వాత మూడు రోజులు గాలి ఆగలేదు, పొద్దున్నే మంచు కురిసింది, తేలిన నేల పెంకు కట్టింది. షుయిగెన్ కట్ట మీద కూర్చుని ఒక సారసాన్ని చూశాడు. అది ముక్కు నేలలో దించబోయింది, దిగలేదు. పక్కకెళ్ళి ఇంకోచోట పొడిచింది. ముక్కు విదిలించి, కాసేపు ఊరకే నిలబడింది. పక్కనే గోధుమరంగు పిల్ల నోరు తెరిచి అరుస్తోంది. చీకటి పడేలోగా గుంపంతా లేచిపోయింది. వరిమళ్ళలో రాలిన గింజలు ఏరుకుంటున్నాయని పక్కూరి వాళ్ళు చెప్పారు. లియావ్‌ల సారసాలు ముష్టికెళ్ళాయని కూడా అన్నారట.

ఊళ్ళో మాట మళ్ళీ తిరగబడింది. ఆ అమ్మాయి లెక్కే కదా ఇదంతా, దాని లెక్క ప్రకారమే కదా లాగింది అన్నారు. ఊరి పెద్దాయన కబురు పెట్టి కూర్చోబెట్టి అడిగాడు. షుయిగెన్ పక్కనే ఉన్నాడు. నోరు తెరవబోయాడు, నీళ్ళు నమిలాడు.

"తూము నా చేతిలో ఉంది పెదతాతా" అంది చ్యూలియన్. "ఎవరు లాగినా జవాబు నాదే. దోంగ్‌జీదాకా టైముంది."

తండ్రీకూతుళ్ళు ఇంటిదారి పట్టారు. షుయిగెన్‌కి తల తీసినట్టయింది. ఈ పిల్లకి తన చెయ్యి వచ్చిందని ఊరంతా చాటుకున్నాడు. చెయ్యి సంగతేమో గానీ, ఆ గుండె తనది కాదు, దాని సొంతం. ఆ ఆలోచన ఆయనకి సిగ్గూ తెచ్చింది, ఆ సిగ్గు అడుగున ఎక్కడో గర్వమూ తెచ్చింది. ఇంటి గుమ్మంలో నిలబడి, తప్పు నాదేనమ్మా, ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు అన్నాడు.

ఆమె ముందే ఆలోచించి ఉంచింది. నది వాన్‌హు కన్నా ఎంతో కిందికి దిగిపోయింది, అక్కడినుంచి చుక్క రాదు. వాన ఆశ లేదు. నీళ్ళున్నది పైనున్న తాంగ్‌హులోనే. అది టూ ఇంటిపేరువాళ్ళ ఊరి సరస్సు. తాంగ్‌హుకీ వాన్‌హుకీ మధ్య గట్టులో నడితూమని ఒక పాత తూముంది, అది తెరిస్తే నీరు కిందికి పారుతుంది. తాంగ్‌హు తూముపెద్ద మావోత్సాయ్, లామెయ్ తోడబుట్టినవాడు. అంటే షుయిగెన్‌కి స్వయానా బావమరిది.

"మావయ్యని నేనడిగితే ఇస్తాడు నాన్నా. కానీ నేనడగను" అంది చ్యూలియన్. "లాగినవాళ్ళే అడగాలి."

ఇక్కడుంది అసలు చిక్కు. ఎప్పుడో వేట రోజుల్లో ఒక ఉదయం నడితూము పలకలు ఎవరో లాగారు. నా నీళ్ళు దొంగిలించావని మావోత్సాయ్, నా చేపల్ని నువ్వే మళ్ళించుకున్నావని షుయిగెన్. ఆ రోజునుంచి బావా బావమరుదుల మధ్య మాటల్లేవు. ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. లామెయ్ పుట్టింటికెళితే షుయిగెన్ గట్టుదాకా దిగబెట్టి వెనక్కి తిరిగేవాడు.

వెళ్ళాడు. వెళ్ళక చస్తాడా. మంచి కోటు వేసుకుని, భార్య చేతికిచ్చిన మిరప ఊరగాయ జాడీ చంకలో పెట్టుకుని, గట్టు దాటి బావమరిది వాకిట్లో నిలబడ్డాడు. మావోత్సాయ్ ఎండలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటున్నాడు. తలెత్తి చూసి, మళ్ళీ గింజల మీదికి దించాడు.

"దారి తప్పావా బావా?" అన్నాడు.

"తప్పలేదు. తప్పు చేసి వచ్చాను."

మావోత్సాయ్ చేతిలో గింజ చేతిలోనే ఆగింది. షుయిగెన్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. గాలి తిరగడం, కొక్కెం తీయడం, చెయ్యి ఆగకపోవడం, తన మాట వల్ల కూతురి మీద నింద పడటం, ఏదీ దాచలేదు. అంతా విని మావోత్సాయ్ పడీ పడీ నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ పొద్దున ఉత్తరపు గాలికి తనూ కొక్కెం చేతపట్టుకుని తూముదాకా వెళ్ళాడట. పెళ్ళాం చూసి చీపురుతో వెంటబడితే వెనక్కి వచ్చాడట.

"నా కష్టం నీ కష్టానికి తిరగేసి ఉంది బావా" అన్నాడు ఊపిరి తిప్పుకుని. "నిండుగా ఉంటే వస్తాయనుకుని ఒక్క పలకా తియ్యలేదు. చెరువు తొణకదు, పక్షి వాలదు. పైన తిరిగి పోతున్నాయి. ఎంత తియ్యాలో తెలీక చేతులు ముడుచుకు కూర్చున్నా. పిల్లని రమ్మను. దాని బద్దలు కూడా తెమ్మను. మీరు కోసినప్పుడు నేనూ నవ్వాన్లే."

ఆ మధ్యాహ్నమే చ్యూలియన్ వచ్చింది. మేనమామ సరస్సులో తొడలదాకా దిగి, కాలి వేళ్ళతో అడుగు తడిమి, పైకొచ్చి నడితూములో తన సన్న బద్దలు పేర్చింది. పైదొకటి తీసింది. తాంగ్‌హు నీళ్ళు చప్పుడు లేకుండా, పల్చని దుప్పటిలా వాన్‌హులోకి జారాయి. అంత చిన్న ప్రవాహాన్ని షుయిగెన్ తన జన్మలో ప్రవాహం అనలేదు. రోజూ ఒక్క బద్ద. ముసలివాళ్ళిద్దరూ గట్టు మీద కూర్చుని, ఆమె వచ్చి తీసేదాకా చేతులు తొడల కింద పెట్టుకుని ఎదురుచూశారు. ఒకరు లేస్తే ఇంకొకరు కోటు పట్టి లాగి కూర్చోబెట్టేవారు.

పైన నీరు తగ్గింది, కింద పెంకు నానింది. దోంగ్‌జీకి నాలుగు రోజుల ముందు సారసాలు తిరిగొచ్చాయి. వచ్చి దిగింది తాంగ్‌హులో. ఇన్నాళ్ళూ లోతున దాగిన దుంపలన్నీ అక్కడే ఉన్నాయి మరి. టూల ఊరంతా కట్టెక్కింది. ఇటు వాన్‌హులో బురద మెత్తబడింది, కొన్ని బాతులు దిగాయి, సారసం జాడ లేదు. షుయిగెన్ మెడ నొప్పెట్టేలా ఆకాశం చూశాడు. పండుగ ఉదయాన మాత్రం ఒక కుటుంబం, తల్లీ తండ్రీ గోధుమరంగు పిల్లా, గట్టు మీదుగా ఎగిరొచ్చి వాన్‌హు అంచున వాలాయి. తల్లి ముక్కు బురదలో కళ్ళదాకా దిగింది. దుంప తీసి పిల్ల నోట్లో పెట్టింది.

మందిరంలో పంక్తి కూర్చుంది. చిక్కటి తామరదుంపల పులుసు, ఆవిరి మీద ఉడికించిన మాంసం, సారా. మూడు పక్షులొస్తే వచ్చినట్టా రానట్టా అని వాదన లేచింది. మందలు మందలు టూల సరస్సులో ఉంటే, మనకి మిగిలింది మూడా అని బావోషెంగ్ అన్నాడు. వాడి మాటలోనూ న్యాయం లేకపోలేదు. పెద్దాయన గడ్డం నిమురుకుంటున్నాడు.

షుయిగెన్ లేచాడు. ఈసారి నీళ్ళు నమల్లేదు. చ్యూలియన్ ఊళ్ళో లేనప్పుడు పలకలు లాగింది తనేనని, ఆమె వద్దన్న పని చేసి ఆమె పేరు చెప్పానని, పక్షులు పస్తుండి పోయింది తన చేతి వల్లేనని అందరి ముందూ అన్నాడు.  ఆయన నోట ఓటమి మాట వినడం ఎవరికీ అలవాటు లేదు.

సరిగ్గా అప్పుడే మావోత్సాయ్ వచ్చాడు. చేతిలో బియ్యపు సారా కూజా. ఇన్నేళ్ళకి ఆ గడప తొక్కాడు. పెద్దాయనకి నమస్కారం చేసి, తమ ఊరు పంపిన మాట చెప్పాడు. వచ్చే ఏడాది నుంచి తాంగ్‌హు తూము కూడా చ్యూలియన్ చూసిపెట్టాలి. రెండు సరస్సులూ ఒక్క చేతి కిందుంటే, ఒకదాంట్లో మేత అయిపోయేసరికి ఇంకోదాంట్లో విస్తరి వేసి ఉంటుంది.

"మీకు అక్కర్లేకపోతే చెప్పండి" అన్నాడు బావోషెంగ్ వైపు చూసి. "మా కోడలిగా తీసుకుపోడానికి కుదరదు, పెళ్ళయిపోయింది. తూముపెద్దగా తీసుకుపోతాం."

మందిరమంతా నవ్వింది. బావోషెంగ్ కూడా నవ్వాడు, పాపం, ఏం చేస్తాడు. లియావ్‌ల పిల్లని టూలకి ఇచ్చేదెవడని పెద్దాయన బల్ల చరిచాడు. తూము ఎవరిదో అంతటితో తేలిపోయింది.

అప్పుడు చేప పళ్ళెం వచ్చింది. చెరువు చేపే, పైన ఎర్ర మిరపకాయలు. తెచ్చిన కుర్రకోడలు ఎప్పటి అలవాటు కొద్దీ తల షుయిగెన్ వైపు పెట్టి వెళ్ళింది. అందరూ ఆయన పుల్లలు ఎత్తేందుకు చూస్తున్నారు. షుయిగెన్ పుల్లలు ఎత్తలేదు. పలకలు లాగిన ఆ రెండు చేతులూ చాచి, పులుసు తొణకకుండా, నిదానంగా, కొంచెం కొంచెంగా పళ్ళెం తిప్పాడు. చేప తల వెళ్ళి చ్యూలియన్ ముందు ఆగింది.

"తినమ్మా" అన్నాడు. "నువ్వు మొదలెడితే గానీ మేం తినకూడదు."

చ్యూలియన్ తండ్రి చేతుల వైపు చూసింది. పుల్లలతో చేప బుగ్గ నుంచి మెత్తటి ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. అప్పుడు బల్ల చుట్టూ అందరి పుల్లలూ కదిలాయి. షుయిగెన్ తన వంతు వచ్చేదాకా ఆగి, తోక వైపు ముక్క తీసుకున్నాడు. అంత రుచైన చేప వేట రోజుల్లో కూడా తినలేదని ఆ చలికాలమంతా టోఫూ అంగడిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు.